పాఠకుల కంప్యూటర్ సందేహాలు: వెబ్‌సైటుకు సొంత విండో

వెబ్‌సైటును డెస్క్‌టాప్ మీద విడి అప్లికేషన్‌గా ఎలా పెట్టుకోవాలని అడుగుతూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక అంతటినీ కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నాకు జెరాక్స్, ఇంటర్నెట్ సెంటరు ఉంది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించే వరకు నేను వాడేవి అవే ఆరేడు వెబ్‌సైట్లు. అడంగల్, 1బి తీయడం, పాన్ దరఖాస్తులు, రైలు టికెట్లు, పరీక్ష ఫీజులు, వీటితో పాటు మెయిలు, వాట్సాప్. మధ్యాహ్నానికల్లా క్రోమ్‌లో ముప్పై ట్యాబులు పేరుకుపోయి, ఏది ఏదో తెలియకుండా పోతుంది. మొన్న ఒక విద్యార్థిని దరఖాస్తు ముప్పావు వంతు నింపిన తరువాత, పక్క ట్యాబు మూయబోయి దాన్నే మూసేశాను. ఆ అమ్మాయి ఫొటో, సంతకం మళ్లీ స్కాన్ చేసి ఎక్కించేసరికి బయట ఆరుగురు నిలబడిపోయారు. ఒక్కో వెబ్‌సైటును విడి సాఫ్ట్‌వేర్ మాదిరిగా ఐకానుతో పెట్టుకోవచ్చని విన్నాను. అది ఎలా చేయాలి? ఎంత ఖర్చవుతుంది?

జవాబు: ఖర్చు ఏమీ లేదు. కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చేయనవసరం కూడా లేదు, ఎందుకంటే మీ దగ్గర ఉన్న క్రోమ్‌లోనే ఈ సదుపాయం ఉంది. ముందుగా కావలసిన వెబ్‌సైటును తెరవండి. కుడి వైపు పైన ఉన్న మూడు చుక్కలను నొక్కి, ‘కాస్ట్, సేవ్ అండ్ షేర్’ అనే వరుసలోకి వెళ్తే ‘ఇన్‌స్టాల్ పేజ్ యాజ్ యాప్’ అని కనిపిస్తుంది. దాన్ని నొక్కితే పేరు అడుగుతుంది. అక్కడ తెలుగులో ‘అడంగల్’ అని రాసుకున్నా తీసుకుంటుంది. కొన్ని వెబ్‌సైట్లకు అడ్రస్ బార్ కుడి చివరనే ఇన్‌స్టాల్ గుర్తు కనిపిస్తుంది. ఆ సైటును తయారుచేసినవారు దాన్ని యాప్‌గా వాడుకోవడానికి ముందే సిద్ధం చేశారని దాని అర్థం. మీ క్రోమ్ పాతదైతే ‘మోర్ టూల్స్’లో ‘క్రియేట్ షార్ట్‌కట్’ అని ఉంటుంది. అక్కడ ‘ఓపెన్ యాజ్ విండో’ అన్న గడిలో టిక్ పెట్టడం మరచిపోతే మళ్లీ మామూలు ట్యాబే తెరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ వాడేవారు మూడు చుక్కల మెనూలో ‘మోర్ టూల్స్’, అందులో ‘యాప్స్’, అందులో ‘ఇన్‌స్టాల్ దిస్ సైట్ యాజ్ యాన్ యాప్’ అనే దారిలో వెళ్లాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఆ యాప్ దానంతటదే తెరుచుకోవాలా అని కూడా ఎడ్జ్ అడుగుతుంది. రోజూ మొదట తెరిచేది ఒకే సైటు అయినవారికి అది పనికొస్తుంది.

ఇప్పుడు ఆ సైటు ట్యాబులు, అడ్రస్ బార్ లేని సొంత విండోలో, సొంత ఐకానుతో తెరుచుకుంటుంది. ఆ ఐకాన్లను టాస్క్‌బార్‌కు పిన్ చేసి, మీరు ఎక్కువగా వాడే వరుసలో అమర్చుకోండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటతో పాటు 1 నొక్కితే వరుసలో మొదటిది, 2 నొక్కితే రెండవది తెరుచుకుంటుంది. ఎదురుగా మనిషి పట్టాదారు పాస్‌బుక్ చేత్తో పట్టుకొని నిలబడి ఉన్నప్పుడు ముప్పై ట్యాబుల్లో వెతకడానికీ, ఒక్క మీటతో అడంగల్ ముందుకు రావడానికీ ఎంత తేడా ఉంటుందో మీ వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ప్రింట్ తీయడం, అక్షరాలు పెద్దవి చేయడం వంటివి ఎప్పటిలాగే పనిచేస్తాయి. రసీదు విడి విండోలో రావడానికి మీరు క్రోమ్‌లో ఇదివరకే పాప్‌అప్ అనుమతి ఇచ్చి ఉంటే, అది యాప్‌కూ వర్తిస్తుంది.

ఒక భ్రమ మాత్రం పెట్టుకోవద్దు. ఇది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. అదే క్రోమ్, అదే వెబ్‌సైటు, చట్రం మాత్రమే వేరు. అవతల సర్వర్ నెమ్మదిగా ఉంటే ఇక్కడా నెమ్మదిగానే ఉంటుంది. ఈ విండోను పొరపాటున మూసినా సగం నింపిన దరఖాస్తు పోతుంది. కాకపోతే ఒకదానికొకటి ఆనుకొని ముప్పై గుర్తులు ఉండవు కాబట్టి అటువంటి పొరపాటు జరిగే అవకాశం బాగా తగ్గుతుంది.

మీరు అడగకపోయినా, అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకుంటున్న సంగతి ఒకటి ఉంది. యాప్ విండో, క్రోమ్ రెండూ ఒకే లాగిన్‌ను పంచుకుంటాయి. ఒకచోట లాగిన్ అయితే రెండవచోట కూడా అయినట్లే. కాబట్టి మీ సొంత లాగిన్‌తో పనిచేసే సైట్లను మాత్రమే యాప్‌లుగా పెట్టుకోండి. పింఛను కోసమో పీఎఫ్ కోసమో వచ్చిన పెద్దాయన తన సొంత పాస్‌వర్డుతో తెరిచే ఖాతాను, ఎవరి బ్యాంకు ఖాతానైనా సరే, క్రోమ్‌లోని గెస్ట్ విండోలో, అంటే మీ లాగిన్లతో సంబంధం లేని తాత్కాలిక విండోలో, తెరిచి, పని అయ్యాక మూసివేయండి. గెస్ట్ విండోలన్నీ మూసివేస్తే ఆ లాగిన్ కంప్యూటర్లో మిగలదు. డౌన్‌లోడ్ చేసిన కాగితాలు మాత్రం ఫోల్డరులో ఉండిపోతాయి, వాటిని మీరే తొలగించాలి. మన ఊళ్లలో చదువురాని ముసలివారు ఫోనును, ఓటీపీని మీ చేతిలో పెట్టి అరుగు మీద కూర్చుంటారు. ఆ నమ్మకానికి తగిన జాగ్రత్త మన వైపు నుంచే ఉండాలి.

ప్రశ్న: నరసన్నపేటలో మాకు రైస్ మిల్లు ఉంది. ఏడాది కిందట ఒక కంప్యూటర్ దుకాణం వారు 1,500 రూపాయలు తీసుకొని, ‘జీఎస్టీ సాఫ్ట్‌వేర్’ అని చెప్పి ఒక ఐకాను పెట్టి వెళ్లారు. సెలవులకు వచ్చిన మా అల్లుడు అది చూసి, ‘మామయ్యా, ఇది ప్రభుత్వ వెబ్‌సైటే, సాఫ్ట్‌వేర్ కాదు’ అన్నాడు. మేము మోసపోయామా? ఆ ఐకాను వాడవచ్చునా?

జవాబు: వచ్చి పనిచేసినందుకు కూలి తీసుకోవడంలో తప్పు లేదు. లేని సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు చెప్పి తీసుకోవడమే తప్పు. అయితే మీ విషయంలో డబ్బు కంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. వారు బ్రౌజర్ ద్వారా పెట్టిన ఐకానా, లేక ఎక్కడి నుంచో తెచ్చిన ప్రోగ్రామా అన్నది చూడాలి.

ఐకాను తెరిచి పై అంచున మూడు చుక్కల కోసం చూడండి. నొక్కితే యాప్ సమాచారం, దానితో పాటు వెబ్‌సైటు చిరునామా కనిపిస్తే అది క్రోమ్ లేదా ఎడ్జ్ పెట్టినదే. ఆ చిరునామా చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉందో లేదో ఒక్కొక్క అక్షరం చదివి చూసుకోండి. ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. మూడు చుక్కలే లేకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ జాబితా తెరవండి. ఆ పేరు ఎదురుగా నూరు ఎంబీకి పైబడిన పరిమాణం కనిపిస్తే, ఎవరో వెబ్‌సైటు చుట్టూ మరొక బ్రౌజరును చుట్టి తయారుచేసిన ప్రోగ్రాము అయి ఉండవచ్చు. అటువంటివి తయారుచేసే పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి, అందరూ చెడు ఉద్దేశంతోనే చేస్తారని కూడా అనలేము. కానీ ఆ విండోలో మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డుతో సహా, ఆ ప్రోగ్రాము రాసినవారు చదవాలనుకుంటే చదవగలరు. పైగా లోపల ఉన్న బ్రౌజరు అప్‌డేట్ కాకుండా పాతబడిపోతుంది. అది అటువంటిదేనని తేలితే వెంటనే తొలగించండి. ఆ తరువాత బ్రౌజరులో చిరునామా మీరే టైపు చేసి సైటు తెరిచి, పాస్‌వర్డు మార్చండి. ఈ వరుస తప్పకూడదు. తొలగించక ముందే ఆ విండోలో కొత్త పాస్‌వర్డు పెడితే పాతదాని గతే దానికీ పడుతుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదని కూడా మీ అల్లుడితో చెప్పండి. మొజిల్లా సంస్థ 2007లోనే ప్రిజం అనే పేరుతో దీనికోసం ఒక ప్రయోగం చేసింది. 2008 సెప్టెంబరులో వచ్చిన మొదటి క్రోమ్‌లోనే అప్లికేషన్ షార్ట్‌కట్ చేసుకునే వీలుండేది. ఇన్నేళ్లుగా ఉచితంగా ఉన్నదాన్ని ఇంకా డబ్బుకు కొనవలసి వస్తున్నదంటే, తెలిసినవారు తెలియనివారికి చెప్పకపోవడమే కారణం. ఈ శీర్షికను దీనికి కేటాయించింది కూడా అందుకే.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాను. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 వంటి గ్రేడుల ధరలు, ఎవరికి ఎన్ని డబ్బాలు పంపామన్న లెక్కలు అన్నీ గూగుల్ షీట్స్‌లో ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోవడానికి కూడా దారి లేకపోయింది. షీట్స్‌ను డెస్క్‌టాప్ యాప్‌గా మార్చుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుందా?

జవాబు: యాప్‌గా మార్చినంత మాత్రాన తెరుచుకోదు. ఐకాను మీ కంప్యూటర్లో ఉంటుంది గాని లెక్కలు అవతలి సర్వర్‌లోనే ఉంటాయి. నెట్ లేనప్పుడు ఏది పనిచేయాలన్నది ఆ వెబ్‌సైటును రాసినవారు ముందుగా చేసిన ఏర్పాటును బట్టి ఉంటుంది. సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రామును సైటు మీ బ్రౌజరులో ఉంచి, కావలసిన పేజీలను అక్కడే దాచి ఉంచితే, నెట్ పోయినప్పుడు అవి కనిపిస్తాయి. ఆ ఏర్పాటు లేని సైటు ఎంత అందమైన ఐకానుతో ఉన్నా ఖాళీ పేజీయే చూపిస్తుంది.

మీ అదృష్టం కొద్దీ షీట్స్‌లో ఆ ఏర్పాటు ఉంది, కాని మీరే దాన్ని ఆన్ చేయాలి. క్రోమ్‌లోగాని ఎడ్జ్‌లోగాని గూగుల్ డ్రైవ్ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘ఆఫ్‌లైన్’ అన్న చోట టిక్ పెట్టండి. దీనికి గూగుల్ డాక్స్ ఆఫ్‌లైన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు జతచేసుకునే చిన్న ప్రోగ్రాము) కూడా ఉండాలి, లేకపోతే వేసుకోమని అదే అడుగుతుంది. తరువాత బాకీల షీటు, ధరల షీటు మీద కుడి క్లిక్ చేసి ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేటట్లు ఎంచుకోండి. నెట్ లేని సమయంలో మీరు చేసిన మార్పులు కంప్యూటర్లోనే ఉండి, నెట్ వచ్చాక అవతలికి చేరతాయి.

ఇదంతా నెట్ ఉన్న రోజునే చేసుకోవాలి. చేశాక మోడెమ్ ఆపివేసి, షీటు తెరుచుకుంటున్నదో లేదో ఒకసారి స్వయంగా పరీక్షించండి. పరీక్షించని ఏర్పాటును తుపాను రోజున నమ్ముకోవద్దు. అక్టోబరు, నవంబరు నెలలు మనకు వాయుగుండాల కాలం కాబట్టి, వారానికొకసారి బాకీల షీటును ఎక్సెల్ ఫైలుగా పెన్‌డ్రైవులోకి దించుకోవడమూ, ముఖ్యమైన పేజీని ప్రింటు తీసి గల్లాపెట్టెలో ఉంచుకోవడమూ మంచిది. కరెంటే లేనప్పుడు ఆ కాగితం ఒక్కటే అక్కరకొస్తుంది.

ప్రశ్న: మాది పొందూరు. విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మా కుటుంబం ఖద్దరు అమ్మకం కోసం ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతోంది. దాన్ని నేనే తయారుచేశాను. దాన్ని కొనుగోలుదారులు కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునే యాప్‌గా మార్చాలని ఉంది. ఎలక్ట్రాన్ నేర్చుకోమని ఒక మిత్రుడు, టౌరి మేలని మరొక మిత్రుడు, నేటివ్‌ఫయర్‌తో ఒక్క ఆజ్ఞతో అయిపోతుందని ఇంకొకరు చెబుతున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: ఆ మూడింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి అని చెప్పడానికి ముందు, అవి ఏమిటో చెబుతాను.

మూడూ వెబ్‌సైటును డెస్క్‌టాప్ యాప్‌గా మార్చే పనిముట్లే. ఎలక్ట్రాన్ 2013లో గిట్‌హబ్ సంస్థలో ఆటమ్ అనే కోడ్ ఎడిటర్ కోసం పుట్టింది. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం ఇంజిన్‌ను, బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌ను కలిపి ప్రతి యాప్‌లోనూ మూటగట్టి ఇస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ వంటి పెద్ద యాప్‌లు దానిమీదే నడుస్తున్నాయి. దానివల్ల యాప్ ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపిస్తుంది, కాని నాలుగు ఫొటోలు, ఒక ధరల పట్టిక ఉన్న సైటుకు కూడా నూరు ఎంబీ దాటిన బరువు తప్పదు. పైగా లోపలి క్రోమియంలో భద్రతా లోపం బయటపడిన ప్రతిసారీ మీరే కొత్త వెర్షన్ తయారుచేసి అందరికీ చేర్చాలి. టౌరి తన వెంట బ్రౌజరును మోసుకురాదు. విండోస్‌లో అయితే వెబ్‌వ్యూ2 వంటి, అక్కడ ఉన్న బ్రౌజర్ ఇంజిన్‌నే వాడుకుంటుంది. అందువల్ల యాప్ కొద్ది ఎంబీలలోనే తయారవుతుంది. దాని వెనుక భాగం రస్ట్ భాషలో ఉంటుంది, 2022లో 1.0 వెర్షన్ వచ్చింది. నేటివ్‌ఫయర్‌తో పని సులువన్నది నిజమే గాని, దాన్ని నిర్వహించేవారు 2023లో ఆపివేశారు. ఈరోజు కొత్తగా దానితో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

మీ సైటుకు కావలసింది ఇంతకంటే చిన్నది. మేనిఫెస్ట్ అనే ఒక జేసన్ ఫైలు (పేర్లు, వాటి విలువలు జతలుగా రాసే ఫైలు) రాసి సైటుకు జతచేయండి. అందులో యాప్ పేరు, మొదట తెరుచుకోవలసిన పేజీ, 192, 512 పిక్సెళ్ల రెండు ఐకాన్లు, డిస్‌ప్లే అన్నచోట ‘స్టాండలోన్’ అనే విలువ ఉంటే చాలు. పేరు తెలుగులోనే పెట్టండి. కొనుగోలుదారు డెస్క్‌టాప్ మీద ‘పొందూరు ఖద్దరు’ అని తెలుగు అక్షరాల్లో కనిపించడం కంటే మంచి ప్రచారం ఏముంటుంది? సైటు హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత పద్ధతి మీద నడవాలి. ఈ పద్ధతికే 2015లో ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అని పేరు వచ్చింది. క్రోమ్, ఎడ్జ్ రెండూ దీన్ని గుర్తించి, అడ్రస్ బార్‌లో ఇన్‌స్టాల్ గుర్తు చూపిస్తాయి. మీరు సైటులో ధర మార్చితే యాప్‌లోనూ మారుతుంది, ఎవరికీ కొత్త ఫైలు పంపనక్కరలేదు. ఫోనులో కూడా అదే పనిచేస్తుంది.

తరువాతి మెట్టుగా, పైన పలాస పాఠకునికి చెప్పిన సర్వీస్ వర్కర్‌ను మీరే రాయండి. దేన్ని దాచాలి, దేన్ని దాచకూడదు అని ఆలోచించడమే అందులో అసలు చదువు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతున్న ఫొటో, చరఖా మీద నూలు తీస్తున్న ఫొటో మారేవి కావు. వాటిని కొనుగోలుదారు కంప్యూటర్లోనే దాచి ఉంచితే పేజీ చప్పున తెరుచుకుంటుంది. ధర, నిల్వ ఎంత ఉందన్నది మాత్రం ప్రతిసారీ సర్వర్‌నే అడిగేటట్లు రాయండి. లేకపోతే అమ్ముడైపోయిన పంచెకు మరొకరు డబ్బు కట్టే ప్రమాదం ఉంది. కంప్యూటర్లోని ఫైళ్లతోనో, బిల్లు ప్రింటరుతోనో నేరుగా పనిచేయవలసిన అవసరం వచ్చిన రోజున టౌరి నేర్చుకోండి.

ప్రశ్న: విజయనగరంలో కోట దగ్గర కుట్టు దుకాణం నడుపుతున్నాను. దుకాణం వాట్సాప్, ఇంటి వాట్సాప్ రెండింటినీ ఒకే కంప్యూటర్లో రెండు ఐకాన్లుగా పెట్టుకోవచ్చునా? ఒకటి తెరిస్తే రెండవది పోతోంది.

జవాబు: పెట్టుకోవచ్చునమ్మా. క్రోమ్‌లో మీ బొమ్మ ఉన్న గుండ్రటి గుర్తు నొక్కి మరొక ప్రొఫైల్ చేర్చండి. ఒక ప్రొఫైల్‌లో దుకాణం నంబరుతో, రెండవదానిలో ఇంటి నంబరుతో వాట్సాప్ వెబ్ తెరిచి, రెండుచోట్లా విడివిడిగా ఇన్‌స్టాల్ చేయండి. ఒక ప్రొఫైల్ లాగిన్ మరొకదానికి తెలియదు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లకు ‘దుకాణం’, ‘ఇల్లు’ అని పేర్లు మార్చుకుంటే కొలతల ఫొటో పొరపాటున చుట్టాల గ్రూపులోకి వెళ్లదు. ఆపిల్ కంప్యూటరు వాడేవారికి 2023లో వచ్చిన మ్యాక్ ఓఎస్ సొనోమా నుంచి సఫారీలో ‘యాడ్ టు డాక్’ అనే సదుపాయం ఉంది. అలా చేసిన యాప్ లాగిన్ సఫారీతో కలవకుండా విడిగానే ఉంటుంది.

ప్రశ్న: రాజాంలో మా ట్యూషన్ సెంటరులో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ 7 కంప్యూటరు ఉంది. వెబ్‌సైట్లను యాప్‌లుగా చేస్తే వేగం పెరుగుతుందా?

జవాబు: పెరగదు. యాప్ విండో కూడా ట్యాబు తిన్నంత ర్యామ్‌నే తింటుంది. ఎలక్ట్రాన్ యాప్‌లైతే ఒక్కొక్కటి ఒక్కొక్క బ్రౌజరు కాబట్టి ఇంకా ఎక్కువ తింటాయి. అనవసరమైన ట్యాబులు తెరవకుండా ఉండడం వల్ల కలిగే లాభం మాత్రం నిజంగానే ఉంటుంది.

మీ ఇబ్బంది మరొకటి. విండోస్ 7 మీద పనిచేసే చివరి క్రోమ్ 109వ వెర్షన్. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన కొత్త వెర్షన్లు దాని మీద ఎక్కవు. పాత బ్రౌజరులో పిల్లల వివరాలు, ఫీజుల ఖాతాలు తెరవడం క్షేమం కాదు. యంత్రం మార్చే స్తోమత లేకపోతే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకొని లినక్స్ మింట్ వేయించుకోండి. అది ఉచితం, 4 జీబీ ర్యామ్ దానికి సరిపోతుంది. అందులో ‘వెబ్ యాప్స్’ అనే పనిముట్టు ముందే ఉంటుంది. చిరునామా, పేరు, ఐకాను ఇచ్చి, ఏ బ్రౌజరుతో తెరవాలో ఎంచుకుంటే చాలు. వేసే ముందు పెన్‌డ్రైవు నుంచే దాన్ని నడిపించి, మీ ప్రింటరు పనిచేస్తున్నదో లేదో చూసుకోండి.